నిరభ్యంతరం

బాపు పోయాక
ఇంట్లో మిగిలిన సామానంతటిలో
ఒక్కదానికే పోలీసు రసీదు ఉంది.

పన్నెండు బోరు, జంట గొట్టాలు,
మడమ మీద చెక్కిన నాలుగంకెల నంబరు.
మిలటరీ నుంచి వచ్చాక
కోఠిలో బ్యాంకు గుమ్మం దగ్గర
ఇరవై రెండేళ్లు ఆయన భుజానికి వేలాడింది.
ఆఖర్న ఆయనే దానికి వేలాడాడేమో.

ఒక్కసారీ పేల్చలేదు.
ఒక దీపావళికి గల్లీ పిల్లలు లక్ష్మీబాంబు పెడితే
ఉలిక్కిపడి లేచి తూటాలు లెక్కపెట్టుకున్నాడు.
పదికి పదీ ఉన్నాయి.
అప్పుడు నవ్వాడు.

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో అప్పజెప్పి
ఖాళీ భుజంతో ఇంటికొచ్చేవాడు.
లేని బరువుకి ఎడమపక్క ఒరిగి
నెలరోజులు అలాగే నడిచేవాడు.

ఆబిడ్స్ దుకాణం సేటు
దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
ఇనుము ధర చెప్పాడు.
తమ్ముడు వీరమల్లు ఆ ధరకే సరే అనబోయాడు.
అప్పుడే బీదర్ నుంచి మహానంద ఫోను.
బాపుతో డ్యూటీ మార్చుకున్న శివలింగప్ప బిడ్డ.
అక్కడ సహకార బ్యాంకులో కాపలా ఉద్యోగం,
సొంత తుపాకీ ఉంటేనే.
ఆమె దగ్గర లైసెన్సు ఉంది, తుపాకీ లేదు.
మా దగ్గర తుపాకీ ఉంది, లైసెన్సు చచ్చిపోయింది.

ఇక మొదలు.
గన్‌ఫౌండ్రీ స్టాపులో దిగడం,
ఒకనాడు ఫిరంగులు పోతపోసిన చోటనే
వారసుల పత్రానికి జిరాక్సులు తీయించడం.
ఇచ్చేవాళ్ల పేరు, తండ్రి పేరు.
పుచ్చుకునేవాళ్ల పేరు, తండ్రి పేరు.
'ప్రతిఫలం' అన్న గడిలో సున్నా పెడితే
గుమస్తా కళ్లజోడు పైకి నెట్టాడు.
"ఊకెనే ఇస్తున్నరా? తుపాకీ?
పక్క రాష్ట్రమోళ్లకి?"
ఊకెనే సార్.
"చుట్టమా?"
కాదు సార్.
ఆయన చాలాసేపు ఆ సున్నా కేసి చూసి
ఎర్ర పెన్నుతో దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాడు.

చేతులు మార్చేముందు
నలభై ఐదు రోజులు ముందుగా తెలపాలట.
బాపు మాత్రం
ఒక్క పూట ముందైనా ఎవరికీ తెలపలేదు.

అమ్మ సంతకం కోసం కాగితం చదివి వినిపించాను.
"పై ఆయుధము విషయమై నాకెట్టి ఆక్షేపణయు లేదు."
అమ్మ చేతిలో పెన్ను ఆగింది.
"ఉన్నది."
ఏముందమ్మా?
"ఆ పట్టా."
భుజానికేసుకునే తోలు పట్టా,
చెమట తాగి తాగి నల్లబడినది,
మూడో రంధ్రం దగ్గర బాపు సూదితో కుట్టుకున్నది.
మళ్లీ వెతికాను.
గొట్టాల పొడవు రాశారు, తయారీ రాశారు, నంబరు రాశారు.
పట్టా ఊసు ఏ గడిలోనూ లేదు.
దానికి లైసెన్సు అక్కర్లేదు.
అమ్మ సంతకం పెట్టింది.

మహానంద ఖాకీ చొక్కాలో వచ్చింది.
విడదీసిన తుపాకీ ఒక సంచిలో,
తూటాలు వేరే సంచిలో,
కాగితాలు చొక్కా లోపల.
మా ఇంట్లో జొన్నరొట్టె తిని
చేయి కడుక్కున్నాకే దాన్ని ముట్టుకుంది.
జహీరాబాద్ దాటాక ఒక మిస్డ్ కాల్ ఇచ్చింది.

పట్టా ఇప్పుడు
బియ్యం డబ్బా వెనక మేకుకి వేలాడుతోంది.
అమ్మ దానికి నెలకోసారి కొబ్బరినూనె రాస్తుంది.
ఎందుకని నేనడగను.

నిన్న రాత్రి బీదర్ నుంచి ఫోను.
"అక్కా, ఇక్కడ ఎలక్షన్ వచ్చింది.
పొద్దుగాల స్టేషన్‌ల జమ చేసి వచ్చిన.
సాఫ్ నడుస్తలేను అక్కా,
ఒక దిక్కు ఒరుగుతున్న."

ఏ దిక్కు, అని అడగబోయి
అమ్మకి ఇచ్చాను ఫోను.