వేలిముద్ర పడనివాళ్ళకి

కాశీబుగ్గ పాత బస్టాండు ఎదురుగా, మెట్ల కింద
ఒక కంప్యూటరు, ఒక జెరాక్సు మిషను, నేను.
నాలుగుసార్లు గ్రూపు పరీక్ష రాసి కూర్చున్నవాణ్ణి,
ఇప్పుడు రాసేవాళ్ళకి దరఖాస్తులు నింపుతాను.
ఫొటో బరువు తగ్గించడం, సంతకం వెనక మరకలు చెరపడం,
సర్వరు మొరాయిస్తే అర్ధరాత్రిదాకా దాన్ని బతిమాలడం
నాకు వచ్చిన విద్యలు.

సాయంత్రం జీడి ఫ్యాక్టరీ వదిలాక
ముందు వాసన వస్తుంది.
తర్వాత ఢిల్లేశ్వరి.
"ఇంటర్వ్యూలో ఏటేటి అడుగుతారో
అన్నీ ఇందల ఉంటాయట మాస్టారూ. సదివి సెప్పండి."

చదివాను.
తెర మీద టై కట్టుకున్న కుర్రాడు నవ్వుతున్నాడు.
వాడి వెనకాల అద్దాల మేడ,
అద్దాల్లో మబ్బులు.

మీ బలం ఒక్క మాటలో చెప్పండి.
"పిక్క కొడితే గుండు గుండులాగే వస్తాది. బద్దవదు."
మీ బలహీనత?
కాసేపు ఆలోచించింది.
"అదే."
ఐదేళ్ళ తర్వాత మీరు ఎక్కడుంటారు?
"ఐదేళ్ళు నాకేటి తెలుసు,
పాసింజరు అందితే ఇంకో గంటకి మందసలో ఉంటాను."

చదువులో ఖాళీ ఏడాదికి కారణం వివరించండి.
తిత్లీ అన్నారు దాన్ని, సీతాకోకచిలుక పేరు.
వాళ్ళ నాన్న కౌలు తోటలో నూటపది జీడిచెట్లు
తెల్లారేసరికి వేళ్ళు ఆకాశానికి పెట్టి పడుకున్నాయి.
ఇంకేం బడి.
"కుటుంబ కారణాలు" అని కొట్టాను.
ఆ గడిలో అంతకన్నా అక్షరాలు పట్టవు.

చివరి సలహా:
ఎక్కడికి వెళ్ళినా మీదైన ముద్ర వేయండి.

ఇద్దరం ఆమె వేళ్ళకేసి చూశాం.
జీడిసొన తాగిన వేళ్ళు,
నల్లగా, నున్నగా, అరిగిన సబ్బుబిళ్ళల్లా.
ఒక్క గీత లేదు.
పోయినేడు శ్రీకాకుళంలో పరీక్ష గేటు దగ్గర
మిషను ఐదుసార్లు ఎర్రగా వెలిగింది.
తుడుచుకో అన్నారు, తుడుచుకుంది.
చెయ్యి మార్చు అన్నారు, మార్చింది.
లోపల గంట కొట్టేశారు.
మొహం ఉంది, హాల్ టికెట్టు ఉంది,
రాత్రంతా బట్టీ పట్టిన జవాబులు నోటి నిండా ఉన్నాయి.
వేలే, ఎవరిదో తెలియలేదు.

టై కుర్రాణ్ణి ఆపేశాను.
పాడైన జెరాక్సు కాగితం ఒకటి తిరగేసి
స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో రాశాను:

పరీక్షకి ఇరవై రోజుల ముందునించి జీడి ముట్టకండి,
పాత తోలు ఊడుతుంది, కొత్తది గీతలతో వస్తుంది.
కొబ్బరినూనె రాత్రి రాసుకోండి, పొద్దున్న వద్దు.
ఆధార్లో పేరూ పదో తరగతి పేరూ ఒకటేనా చూసుకోండి
(ఢిల్లేశ్వరికి ఒకదాంట్లో ఎల్ రెండు, ఇంకోదాంట్లో ఒకటే).
ఉద్యోగం ఖాయం, ముందు డబ్బు కట్టు అనేవాడు తగిలితే
వాడి నంబరు నాకివ్వండి.
అలాంటివాడొకడు నాకు తెలుసు,
మా అన్న ఆటో అమ్మిన సొమ్ము వాడి దగ్గరే ఉంది.

గోడకి అంటించాను.
ఇరవై రోజులంటే ఎంత కూలి పోతుందో మాత్రం
లెక్క కట్టి రాయలేదు.
చెయ్యి రాలేదు.

పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది ఢిల్లేశ్వరి.
"బాగుంది మాస్టారూ. ఒకటి మర్సిపోనారు."
పెన్ను లాక్కుని, కాగితం అడుగున మిగిలిన జాగాలో
గుండ్రటి బడి రాతతో రాసింది:

మానేసే ముందు మేస్త్రికి చెప్పండి.
మీ పీట ఇంకొకరికి ఇవ్వొద్దనండి.
మళ్ళీ రావలసి వస్తే.