పిడి

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ
మా ఇంట్లో ఒకరు ఊరికి పోయినట్టు ఉంటాది.
గోడకు రెండు కొయ్యమేకులు,
వాటి నడుమ సున్నం అంటని పొడుగాటి మరక.

కోడ్ వచ్చింది, స్టేషన్లో ఇచ్చేయండని
తలారి చెప్పిపోయిన రాత్రి
నాయన దాన్ని దించి ఒళ్లో పెట్టుకొని
ఆముదం గుడ్డతో తుడుస్తా కూర్చునేవాడు,
సంతకు తోలే ముందు
ఎద్దు కొమ్ములు తుడిచినట్టు.

ఒంటి గొట్టం తుపాకి.
సీతారామపురం కొండకింద మా వేరుశనగ చేను
ఒక్క రాత్రిలో పందులు తవ్వి పోసిన ఏడు
అబ్బ మాలకొండయ్య కొన్నది.
అది కొట్టిన లెక్క మా ఇంట్లో మనిషికొకటి.
చిన్నాయన పద్నాలుగు పందులంటాడు.
రెండే అనేది అవ్వ,
అందులో ఒకటి ఎవరో పెంచుకునేదంట.
పులి కత మాత్రం అందరం నమ్ముతాం,
అది పులి కాదు దుమ్ములగొండి అని
పోయేముందు అబ్బే చెప్పినా సరే.

ఒకసారి వాగురాళ్ల మీద జారిపడితే
వెనక చెక్క నిలువునా పగిలింది.
ఉదయగిరికి ఎత్తుకుపోయినాడు,
చెంచాలు గరిటెలు చెక్కే గౌసు సాయిబు దగ్గరికి.
"తుపాకి పని నాకు రాదు మాలకొండయ్యా,
పిడి పనైతే వచ్చు"
అని మూడు దినాలు ఉంచుకొని
నర్ది చెక్కతో కొత్త పిడి బిగించి ఇచ్చినాడు.
చేతి అలవాటు ఊరుకోక
చివర్న ఒక పువ్వు కూడా.
గరిటె కాడకు చెక్కే పువ్వే.
పగిలిన చెక్కను తెడ్డు చేసి
"ఇది మీ ఇంటామెకు" అన్నాడంట.
వారం దినాలు సంగటి తూటామందు కంపు కొట్టిందని
బతికినన్నాళ్లూ తిట్టింది అవ్వ,
ఇంకో తెడ్డు మాత్రం కొననీయలేదు.

నాయన పోయినాక
లైసెన్సు నా పేరుకు మార్చమని
నెల్లూరు కలెక్టరాఫీసుకు నాలుగుసార్లు తిరిగినా.
"దేన్ని కాల్చాలమ్మా నువ్వు?"
ఏం చెప్పేది.
నేను ఒక్క తూటా పేల్చినదాన్ని కాదు.
పందులన్నా నాకు పెద్ద కోపం లేదు.
భుజానికి ఆనించుకుంటే
చెంప తగిలే చోట నున్నగా అరిగి ఉంటాది.
అక్కడ ముందు అబ్బ,
తర్వాత గెడ్డం గీసుకోని నా నాయన.
అర్జీలో దీనికి గడి లేదు.

కుదరదన్నారు.
ఈసారి ఇస్తే మళ్లీ తెచ్చుకునేది ఉండదు.

స్టేషన్లో రైటరు రసీదు రాస్తా
"పాత తుపాకి ఒకటి, పువ్వు గుర్తు కలదు" అని రాసి,
ఆగి, తనే కొట్టేసినాడు.
ఎన్నికలప్పుడు గుర్తు అనే మాట ఎందుకులే అని
"పిడి మీద చెక్కడం" అని దిద్దినాడు.
నాకు నవ్వొచ్చింది.
బస్సెక్కినాక ఆ నవ్వు
ఎక్కడ దిగిపోయిందో తెలీదు.

మొన్న రాత్రి చేలో అలికిడి.
చేతికి అందింది తెడ్డు.
గట్టుమీద నిలబడి
నూనె డబ్బా పగిలేదాకా కొట్టినా.
వెన్నెల్లో పందులు తలెత్తి చూసినాయి,
ఒకటొకటే కొండదారి పట్టినాయి.

ఒక ముసలిది మాత్రం
చాలాసేపు నా వంకే చూస్తా నిలబడింది,
ఇంకో చప్పుడేదో రావాలన్నట్టు.