ఏటి

కంచిలి రైలుగేటు ఎదురుగా
ఫొటో స్టూడియో మీద గది.
పద్నాలుగు మందిమి, అందరం వెల్డర్లమే
కిటికీ కాడ ఢిల్లేస్సర్రావు తప్ప. ఆడు రిగ్గరు.
తవిటినాయుడు మేష్టారు సాక్పీసు ఎత్తితే
ముంజేతి మీద పాత కాలిన మచ్చ కూడా
బోర్డు మీద రాస్తన్నట్టుంటాది.

“ఇయ్యాల ఒకే మాట” అన్నాడు. “ఏటి.”

రియాదోడు ‘వేష్’ అంటాడు.
జెద్దాలో ‘ఎయిష్’.
కువైటోడు ‘షినూ’.
సిరియా మేస్త్రీ దొరికితే ‘షూ’,
అది ఇని కాళ్ళకేసి సూసుకోకండి.
ఈజిప్టోడు ‘ఏ’ అని ఊరుకుంటాడు,
మన ఏటిలో సగం మింగీసినట్టు.

కాఫీ అయినా అంతే.
పుస్తకంలో ఖహ్వా.
గల్ఫోడి నోట్లో గహ్వా.
కైరోలో ముందక్షరం గొంతు దాటనేక అహ్వా.
“సేను, సెరువు, సెప్పు అన్న నోళ్ళం,
మనకిదేటి కొత్త?”

నాకు విశాఖపట్నం ట్రేడ్ టెస్టు గురుతొచ్చినాది.
“ఏటి సార్, ఇంకోపాలి సెప్పండి” అన్నాను.
నానేసిన అతుకు సూడనేదు ఆయన.
“సినిమాలో పనోడి వేషం కడతావా?” అన్నాడు.
ఏసీ గదంతా నవ్వినాది.
తిరుగు బస్సులో సోంపేట దాకా
ఏంటి, ఏంటి, ఏంటి అనుకుంటా వచ్చినాను.
కొత్త సెప్పు మడమని కరిసినట్టు
కరిసినాది నాలికని.

దమ్మాం క్యాంపులో మేష్టారి ఫోర్‌మేను
సొహాగ్ వైపోడు, అబ్దుర్రహీం.
ఖ దగ్గర ఆడు గ పలికితే
కైరో ఇంజినీరు నవ్వీవోడట,
“సయీదీ” అనీవోడట,
మనల్ని సిక్కోలోడన్నట్టే.
రెండేళ్ళు ఒకే కూలరు నీళ్ళు తాగినారు.
ఒకడి మాట ఒకడికి అంటుకున్నాది.

ఒకనాడు నెల్లూరు సూపర్‌వైజరు రౌండుకొస్తే
అబ్దుర్రహీం ఎదురెల్లి
“ఏటి బావూ, తిన్నావేటి?” అన్నాడట.
సూపర్‌వైజరు కడుపట్టుకున్నాడు.
“తప్పు తెలుగు నేర్పాడు నీకెవడో!”
ఆ ముక్క మేష్టారే అరబ్బీ చేసి సెప్పాల్సొచ్చినాది.
ఈజిప్టోడు హెల్మెట్టు తీసి, ఇసక దులిపి,
“మాది ఏటి ఒడ్డు ఊరు.
మా మాటా తప్పేనట” అన్నాడు.

అక్కడ మేష్టారు ఆగి మంచినీళ్ళు తాగినాడు.
“మరేది రైటు మేష్టారూ?” అని ఢిల్లేస్సర్రావు.
కింద జీడిపప్పు ముసిలమ్మ
“కొణొ?” అని ఒరియాలో ఎవరినో కసురుతోంది.
మేష్టారు అటో సెవి పడీసి,
“నీకు జుబైల్ కదురా? వేష్ రాసుకో” అన్నాడు.

ఆడు రాసుకున్నాడు.
నాకింకా వీసా రానేదు.
ఏది రాసుకోవాలో తెలీక అన్నీ రాసినాను.
సివర్న, మేష్టారు సెప్పకపోయినా,
ఏటి అని కూడా.
అప్పుడే పేసింజరు ఎల్లి గది ఊగినాది,
ఆ ‘ఏ’ కాస్త వంకర పోనాది.
దిద్దనేదు.