అరవై రెండు వేలు

మోచేతి కింద మొదటి మచ్చ
రేగిపండంత.
బిందె తగిలిందేమో అనుకున్నా.
తొడ మీద ఇంకోటి. దానికి సాక్ష్యం లేదు.
నీలం, ఊదా, ఆఖరికి
ముదిరిన దోసకాయ రంగుకొచ్చి పోతాయి.
అవి పోయేలోగా వేరేవి.

బుచ్చిరెడ్డిపాళెంలో కుళాయి కాడ
ఖాజాబీ నా చెయ్యి పట్టుకోని చూసింది.
ఏమీ అడగలా.
సాయంత్రం మా పెంచలయ్యని మాత్రం
వీధిలో నిలబెట్టి కడిగేసింది:
"ఆడదాన్ని కొట్టే చెయ్యి పుచ్చిపోద్దిరా!"
ఆయన నా వంక చూశాడు.
నిజం చెప్పాలంటే
పదహారేళ్ల మూట విప్పాల.
పెళ్లికి ముందునించీ మూర్ఛ,
బియ్యం డబ్బా అడుగున మాత్రలు.
"ఇంక కొట్టన్లే అక్కా" అన్నాడు.

నెల్లూరు, పొగతోట.
"పళ్లు తోముకుంటే రక్తం వస్తోందా?"
వస్తోంది. పుల్ల గీసుకుందనుకున్నా.
సూది గుచ్చిన చోట
దూది తడిసింది. ఇంకో దూది తడిసింది.
ల్యాబు పిల్లోడు మూడోది అదిమిపట్టి
గోడ గడియారం వంక చూస్తా ఉండిపోయినాడు.

ప్లేట్‌లెట్లు లక్షన్నరకి పైన ఉండాలంట.
అరవై రెండు వేలు.
ఇన్నాళ్లూ నాకాడ లక్షలుండేయని
కరిగిపోయినాక తెలిసింది.

"ఆ ఫిట్స్ బిళ్లేనమ్మా. ఏళ్ల తరబడి వాడితే
కొందరికి ఇలా తగ్గుతాయి."
నేను కూలికి పోయే రైస్‌మిల్లు గుర్తొచ్చింది.
రాత్రంతా కన్ను మూయకుండా
వడ్ల బస్తాలకి కాపలా కాసిన ముసలి మస్తానయ్య
తెల్లారి పోతా పోతా
పైపంచెలో దోసెడు పోసుకునేవాడు.
అందరికీ తెలుసు. ఎవరూ మాన్పించలా.
ఆయన లేని రాత్రి ఏమైద్దో
అదీ తెలుసు గనక.

"ఆపేస్తానమ్మా" అన్నా.
డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది.
"ఒక్కసారిగా ఆపావో, విరుచుకుపడతాయి.
కొద్దికొద్దిగా తగ్గిద్దాం. పక్కనే కొత్తది మొదలుపెడదాం.
పది రోజులకోసారి రక్తం చూద్దాం."
పెన్నా వంతెన దాటేదాకా
పెంచలయ్య వేళ్ల మీద పది రోజుల్ని లెక్కపెట్టినాడు,
పదో రోజు కూలి పోద్దని కాబోలు,
లేదా నేను ఉంటానా అని కాబోలు.
అడగలా.

మర్నాడు కుళాయి కాడ
సూది పొడిచిన చోట అరచేతంత నలుపు.
ఖాజాబీ పళ్లు కొరికింది.
బిందె కింద పెట్టి చెప్పినా,
పదహారేళ్లు, బియ్యం డబ్బా, అన్నీ.
నీళ్లు పొర్లిపోతా ఉన్నాయి.
ఆమె కుళాయి కట్టలా.
చాలాసేపటికి అడిగింది:
"మరి అన్ని తిట్లు ఎందుకు తిన్నాడే
ఆ సన్నాసి?"