కొసరు

పాలమూరు బస్టాండు ఎనుక, మందుల షాపు అరుగు మీద
మోదుగాకు దొప్పలల్ల కలివి పండ్లు.
తొడిమెల కాడ ఇంకా తెల్లటి పాలు.
అమ్రాబాదు గుట్టల కెల్లి
మొదటి బస్సుకు దిగుతది ఈదమ్మ.

వారానికి రెండు కిలోలు కొంట.
"ఇంటినిండ పిల్లలా?" అనడిగింది మొదటిసారి.
"ఎలకలకమ్మా" అన్న.
నవ్వింది, ఊదారంగు నాలుక కనబడంగ.
ఎలకలకు పండ్లు కొనే మనిషిని
తన జన్మల చూడలేదట.

ల్యాబుల నా పని గిదే:
గింజ తీసుడు, నూరుడు, వడగట్టుడు,
ఆ ఊదా నీళ్లను చుక్క చుక్క కొలుసుడు.
కార్జంల ఒంటరైపోయిన అణువు
కనబడ్డోళ్ల సొమ్మల్ల గుంజుకుంట తిరుగుతాంటే
పండు రంగు ఎదురుంగ పోయి
తన దగ్గరిది ఒకటిచ్చి
కూసోబెడతదట.
చదివిన దినం ఎంత నచ్చిందో ఆ ముచ్చట.

ఆరు వారాలకు రిపోర్టు.
నాలుగొందలున్న ఎస్‌జీపీటీ నూటముప్పైకి దిగింది.
సంబురం ఆగక చెప్పేసిన:
"నీ పండ్లు కార్జాన్ని కాపాడుతున్నయే!"

తూకంరాయి కింద పెట్టింది.
"మా కుర్మయ్యకు మిగిలినయన్నీ తినిపిస్తనే ఉన్న.
కండ్ల పసుపు పోలే.
కడుపు కుండ లెక్కయింది."

"ఇది ఎలకల సంగతమ్మా,
మనిషి సంగతి ఇంకా తెల్వది."

"ఆటికి కార్జం ఎట్ల చెడ్డది?"

థీసిస్‌ల అది ఒక్క లైను.
నోట్లెకెల్లి వచ్చేటందుకు చానసేపు పట్టింది:
"మేమే పోసినం. రోజూ. గొట్టంతోని, గొంతుల."

"పండ్లు పెట్టుడు షురువైనంక గూడ పోసిన్రా?"

"లే... ఆపినం."

ఈదమ్మ ఏమనలే.
రోడ్డు అవతల వైన్సు దిక్కు చూసింది.
ఏడున్నరకే షట్టరు సగం లేసి ఉంది,
కింద నాలుగు జతల చెప్పులు.

మల్ల తూకం ఎత్తింది. రెండు కిలోలు.
మీద ఒక పిడికెడు కొసరు.
"ఇవి ఆటికి. నా దిక్కెల్లి."

యూనివర్సిటీ బస్సుల
ఒడిల సంచి తడిసి
తొడ మీద ఊదా మరక పాకింది.
పండ్లు పెట్టని పంజరంల గూడ,
ఉత్త నీళ్లు తాగిన ఎలకలకు గూడ
లెక్క రెండొందలకు దిగిందన్న సంగతి
పట్టిక చివరి గడిల ఉన్నది.

అది ఆమెకు చెప్పలే.
చెప్పకముందే
ఆమెకు తెలిసినట్టే ఉండె.