జతకు పదహారు

అడిక్‌మెట్ ఫ్లైఓవర్ కింద మా బండి.
బొగ్గుల పెట్టె, దుప్పటి పరిచిన చెక్క,
మొలకు వేలాడే నీళ్ల సీసా.
పొద్దున నాయిన బొగ్గులు రాజేస్తడు,
నేను నీళ్లు చిలకరిస్త.
స్కూల్ల ఎవరికీ చెప్పలే.

స్కూలు బస్సు కిటికీలకెల్లి సంహిత చూసింది.
తెల్లారేసరికి నవనీత పోయి
నేను "ఇస్త్రీ" అయిన.
ఇస్త్రీ, నోట్సియ్యి.
ఇస్త్రీ, జరుగు, కాలుతది.
నేను కూడ నవ్విన.
నవ్వకపోతే ఇంకింత అంటరు కద.
మధ్యాహ్నం డబ్బా మూత సగమే తీసి తిన్న,
ఎందుకో తెల్వదు,
అండ్ల ఉన్నది ఉత్త టమాట పప్పే.

ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు కడిగిన.
బొగ్గు వాసన చేతులకు లేదు.
ఎక్కడుందో దొరకలే.

ఆదివారం మూట విప్పితే మా స్కూలు స్కర్టు.
జేబుల మరిచిపోయిన ఐడీ కార్డు:
సంహిత, తొమ్మిది బి.
ప్రతి జూన్‌ల కొత్త యూనిఫాం అని చెప్పే సంహిత.
అంచు తిప్పి చూస్తే
విప్పి దించి, విప్పి దించి
మూడు వరసల పాత కుట్లు.
నడుము పట్టీ మీద ఇంకెవరిదో పేరు,
పెన్నుతోటి కొట్టేసిన గీతలు.

చేతిల పెట్టె మస్తు వేడి మీదుంది.
ఒక్క నిమిషం ఆపితే చాలు.
క్లాసుల ఒక్క మాట అంటే అది గూడ అక్కర్లే.
ఆ మాట నాలుక మీద ఎంత తియ్యగుండెనో,
అబద్ధమెందుకు.

నాయిన అటు తిరిగి చిల్లర లెక్కపెడుతుండు.
"జేబుల దొరికింది మనది కాదు బిడ్డా,
పది రూపాయలైనా, చీటీ అయినా."
ఎప్పుడో అన్న మాట.
కుట్లు గూడ జేబుల దొరికినట్టే లెక్కనేమో.

నీళ్లు చల్లి మడతలు తీర్చిన.
వెనుక దిక్కు ఒక్క మడతకు మాత్రం
రెండు గీతలు పడేటట్టు చేసిన.
దేవతను గాను గద.

సోమవారం ప్రార్థనల సంహిత వెనుకనే నిలబడ్డ.
జంట గీత కదిలినప్పుడల్ల నవ్వొచ్చింది,
ఈసారి నాకే వచ్చిన నవ్వు.

"ఏందే ఇస్త్రీ, నవ్వుతున్నవ్?"

"జతకు పదహారు,"
బండి కాడ అనే గొంతుతోటే అన్న.
"పొద్దున ఇస్తె సాయంత్రానికి అయితది."

ఎవరో కిసుక్కుమన్నరు.
ఐడీ కార్డు తీసి సంహిత చేతిల పెట్టిన.
దాన్ని చూసింది, నన్ను చూసింది,
ఇంకో చెయ్యి మెల్లగ నడుము పట్టీ మీదికి పోయింది.

నేను అప్పటికే
గ్రౌండు దిక్కు చూస్తున్న.