గోడవతలి పిల్లి

ఊపిరి సలపని పని అని ఊరికే అంటారు జనం.
మాది నిజంగానే అది.
టంగుటూరు కంపెనీ షెడ్డులో
ఆకు విప్పి, దులిపి, రంగు చూసి
నిమ్మపండు ఛాయ ఒక గుట్ట,
మాడినది ఒక గుట్ట,
ఈనె నల్లబడ్డది గోడవారకి.
చెంగు ముక్కుకి ఎంత బిగించి చుట్టుకున్నా
సాయంత్రానికి ఉమ్మి టీ రంగులో పడుద్ది.

ఆ దుమ్ము పగలు ఏమీ అనదు.
కూలి లెక్కపెట్టుకునేదాకా, ఎసరు కాగేదాకా,
మావాడి చొక్కాకి గుండీ కుట్టేదాకా
మంచిదానిలా ఊరుకుంటది.
వెల్లకిలా పడుకోగానే లేచుద్ది
నా ఎదలో పిల్లి.

సన్నంగా మొదలుపెట్టుద్ది,
తల్లిని పోగొట్టుకున్న కూనలాగా.
కాసేపటికి గోళ్లు బయటికొస్తాయి.
చూసేవాళ్లు అనుకుంటారు గాలి చాలట్లేదని.
కాదు. లోపలున్న గాలి పోదు.
అప్పిచ్చినవాడు గుమ్మంలో కూర్చున్నట్టు
పాత ఊపిరి బైఠాయించి
కొత్తదాన్ని రానివ్వదు.

లేచి కూర్చుంటా, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి.
మద్రాసు పోయే బండి ఆగకుండా పోయింది.
తర్వాత గూడ్సు, చానా పొడుగుది.
దాని పెట్టెలు అయిపోయేలోపు
పదకొండు ఊపిర్లు లాగాను.

గోడవతల ఇంకో పిల్లుంది.
కెజియమ్మది.
ఒకే గోడకి అటూ ఇటూ కట్టిన కాలనీ ఇళ్లు మావి.
రెండేళ్లుగా మాటల్లేవు.
కుళాయి కాడ నా బిందె జరిపిందని నేను,
జరపలేదని బైబిలు మీద చెయ్యేసి ఆమె.
అయినా ఆమె ఏ రాత్రి పడుకుందో
ఏ రాత్రి కూర్చుందో
ఆమె మొగుడికి తెలియదు, నాకు తెలుసు.
ఆమె కూత నాదానికంటే లావు, చివర్లో ఒక విరుపు.
నాది తగ్గిన రాత్రి కూడా
ఆమెది వింటూ మెలకువగానే ఉంటా,
పగవాళ్లకి కాపలా కాసినట్టు.

మొన్న వాన కురిసి కరెంటు పోయిన రాత్రి
తడిసిన బేళ్ల ఘాటు కాలనీ అంతా కమ్మింది.
ఆమెది మొదలైంది. ఎగబాకింది.
ఉన్నట్టుండి
ఆగింది.

నిద్రపడితే అట్టా ఆగదు.
నా కూత నేనే నొక్కిపట్టి చెవి ఆనించాను.
గోడ.
ఒట్టి గోడ.

చెప్పులేసుకున్నానో లేదో గుర్తులేదు.
మంచం పట్టె పట్టుకుని కూర్చునుంది,
నోరు తెరిచి, చప్పుడు లేకుండా,
భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.
మొగుడు నైట్ డ్యూటీ. పక్కనే నీలం గొట్టం.
ఊపి చూశా. ఎప్పటి ఖాళీనో.
నాది నోట్లో పెట్టి నొక్కాను:
"పీల్చు. ఆపు. ఆపి ఉంచు మే, వదలమాక!"
మళ్లీ. మళ్లీ.
మావాడు నూటెనిమిదికి ఫోను చేసి
వీధి చివర సెల్లు లైటు ఊపుతా నిలబడ్డాడు.
వాళ్లొచ్చేలోపు వచ్చింది కూత,
గీరుకుంటా, కోపంగా, విరుపుతో సహా.
పిల్లి అరిస్తే అంత సంబరం
నా పుట్టుకలో పడలా.

ఒంగోలు పెద్దాసుపత్రిలో మూడు రోజులుంది.
వచ్చాక పలకరించలా.
తెల్లారి తలుపు తీస్తే గడప మీద
సీలు తీయని కొత్త నీలం గొట్టం.

ఇయ్యాల కుళాయి కాడ మళ్లీ బిందె జరిపింది.
ఈసారి నా కళ్లతో చూశా.
"నీ చేతులు" అని అందుకున్నా,
విరగ అనే మాటకి ఊపిరందలా.
ఆమె నడుం మీద చెయ్యేసుకుని నన్ను అనబోయింది,
దగ్గుతెర వచ్చి సగంలో తెగిపోయింది.
లైన్లో వాళ్లు పళ్లికిలిస్తున్నారు.
బిందె నిండి పొర్లుతోంది.
నేను అరచెయ్యి అడ్డం పెట్టి ఆపాను:
నిదానం, కెజియా.
ముందు ఊపిరి తీసుకో.
తర్వాత తిడుదువు.